ఎలక్ట్రిక్ గిటార్ మీద బాఖ్: ఇంట్లో రికార్డు చేస్తే స్వరాలన్నీ ఎందుకు కలగాపులగమవుతున్నాయి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. చాలా ఏళ్లుగా ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్న నేను, రెండేళ్ల క్రితం పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వైపు మళ్లి, జర్మన్ స్వరకర్త బాఖ్ రచనలను ఈ వాద్యం మీదే సాధన చేస్తున్నాను. నైలాన్ తీగల గిటార్ కొనుక్కోమని చాలామంది సలహా ఇచ్చారు గాని, స్వరం చాలాసేపు నిలిచే గుణం, మీటు బలం కాస్త మారినా నాదంలో తేడా కనిపించే తీరు నాకు ఎలక్ట్రిక్ గిటార్‌లోనే ఇష్టం. ప్రస్తుతం రెండు రచనలను ఇంట్లో రికార్డు చేయాలని ప్రయత్నిస్తున్నాను. ఒకటేమో, రెండు పంక్తులు (ఏకకాలంలో సాగే రెండు స్వరధారలు) ఉన్న ఇన్వెన్షన్ అనే చిన్న రచనలలో మొదటిది (బాఖ్ రచనల జాబితాలో బి.డబ్ల్యు.వి. 772), మరొకటి మొదటి చెల్లో సూట్‌లోని ప్రారంభ భాగమైన ప్రెల్యూడ్ (బి.డబ్ల్యు.వి. 1007).

గిటార్‌ను ఆడియో ఇంటర్‌ఫేస్‌కు నేరుగా కలిపి, కంప్యూటర్‌లో ఆంప్లిఫైయర్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. కొద్దిగా డిస్టార్షన్ (నాదాన్ని కావాలని గరుకుగా మార్చే ప్రక్రియ) పెడితే ఇన్వెన్షన్‌లో రెండు పంక్తులూ ఒకదానిమీద ఒకటి పడి బురదలా వినిపిస్తున్నాయి. పూర్తిగా తీసేస్తే స్వరం మీటిన చోట టక్కుమని మొదలై, వెంటనే పలుచబడి, ప్రాణం లేనట్టుగా ఉంటోంది. నా వేళ్లలో లోపమా, రికార్డింగ్ పద్ధతిలో లోపమా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. అనుభవజ్ఞులు చెప్పగలరా?

మొదటి జవాబు

డిస్టార్షన్ విషయంలో మీ వేళ్ల తప్పేమీ లేదు. అది ఆ ప్రక్రియ స్వభావం. ఒకే స్వరాన్ని డిస్టార్షన్ గుండా పంపితే దాని హార్మోనిక్స్ (మూల పౌనఃపున్యపు గుణిజాలు) పెరిగి నాదం నిండుగా అవుతుంది. రెండు స్వరాలను కలిపి పంపితే మాత్రం ఆ రెండింటి పౌనఃపున్యాల మొత్తం, తేడా, ఇంకా వాటి గుణిజాల మొత్తాలు, తేడాలు కొత్త స్వరాలుగా పుట్టుకొస్తాయి. 110 హెర్ట్జ్‌ల ఏ (A) స్వరం, దానిపై పంచమమైన 165 హెర్ట్జ్‌ల ఈ (E) స్వరం కలిస్తే వాటి తేడా 55 హెర్ట్జ్‌లు. అది మళ్లీ ఏ (A) స్వరమే, ఒక స్థాయి (ఆక్టేవ్) కింద. అందుకే రాక్ సంగీతంలో ఆధారస్వరాన్నీ పంచమాన్నీ కలిపి ఎంత డిస్టార్షన్‌తో మీటినా దిట్టంగా ఉంటుంది. అదే 110 హెర్ట్జ్‌ల ఏతో 138.6 హెర్ట్జ్‌ల సి షార్ప్‌ను కలిపితే తేడా 28.6 హెర్ట్జ్‌లు. అది ఏ ఒక్క స్వరానికీ సరిగా సరిపోదు. మొత్తం 248.6 హెర్ట్జ్‌లు. అది మీరు మీటని బి స్వరానికి దగ్గరగా, కొంచెం హెచ్చుగా పడుతుంది. బాఖ్ రెండు పంక్తుల రచన నిండా ఇలాంటి తృతీయాలు, షష్ఠమాలే (మూడో, ఆరో స్వరాలతో జతలే) ఉంటాయి కాబట్టి, ఆయన రాయని స్వరాలను మీ ఆంప్లిఫైయర్ ప్రతి క్షణం కలుపుతోందన్నమాట.

దీనికి మార్గం ఒక్కటే: ప్రతి పంక్తినీ వేరే ట్రాక్‌లో వాయించి, ప్రతి ట్రాక్‌కూ దాని ఆంప్లిఫైయర్‌ను దానికే పెట్టండి. డిస్టార్షన్ అయ్యాక కలిసే స్వరాలు ఒకదాన్నొకటి పాడుచేయవు. ఇద్దరు వాద్యకారులు పక్కపక్కన కూర్చుని వాయించినట్టే ఉంటుంది. పై పంక్తిని కొంచెం ఎడమకు, కింది పంక్తిని కొంచెం కుడికి జరపండి. మరీ రెండు చివరలకూ నెట్టకండి, సంభాషణ తెగిపోతుంది. కింది పంక్తి గిటార్ పరిధి దాటి దిగిన చోట బేస్ గిటార్ వాడవచ్చు, లేదా ఆ పంక్తిని ఒక స్థాయి పైకి ఎత్తవచ్చు. ఎత్తేటప్పుడు మాత్రం అది పై పంక్తిని దాటిపోకుండా చూసుకోవాలి, ఎందుకంటే అప్పుడు కింద ఉండవలసిన ఆధారం మాయమవుతుంది.

ఇలా విడివిడిగా వాయించినప్పుడు పోయేది లయలోని ప్రాణం. క్లిక్ (మెట్రోనోమ్ టిక్కు) పెట్టుకుని రెండు పంక్తులూ వాయిస్తే రెండూ క్లిక్‌కు జవాబిస్తాయి గాని ఒకదానికొకటి జవాబివ్వవు. నేను చేసే పని ఇది: మొదట పై పంక్తిని క్లిక్‌తో వాయిస్తాను, దాన్ని వింటూ కింది పంక్తిని వాయిస్తాను, ఆ తరువాత క్లిక్‌ను ఆపేసి, మొదటి ట్రాక్‌ను చెరిపేసి, కింది పంక్తిని మాత్రమే వింటూ పై పంక్తిని కొత్తగా వాయిస్తాను. ఈ మూడో విడతలో పదబంధం చివర ఊపిరి తీసుకోవడం, తిరిగి అందుకోవడం సహజంగా వస్తాయి. అవసరమైతే కింది పంక్తిని కూడా మరోసారి మారుస్తాను. ఓపిక కావలసిన పనే, కానీ ఫలితం వింటే ఆ శ్రమ గుర్తుండదు.

రెండో జవాబు

పై జవాబులో చెప్పిన శాస్త్రం సరైనదే. అయినా నాకో అభ్యంతరం ఉంది. పంక్తులను విడగొట్టి అతికించినది నిర్మాణం అవుతుంది గాని వాదనం కాదని నా భావన. ఒక్క మనిషి ఒక్క వాద్యం మీద రెండు పంక్తులను ఏకకాలంలో మోయడంలోని బిగువును శ్రోత గుర్తిస్తాడు. కనుక ప్రెల్యూడ్‌నైనా తప్పనిసరిగా ఒకే గుక్కలో రికార్డు చేయండి. మొత్తం 42 గతులే (బార్లే) కదా.

ఆ రచన గురించి ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే మీరు ప్రాణం లేదంటున్న చోట నాకు కనిపించేది వేలి అమరిక సమస్య. దాన్ని జి మేజర్ నుంచి డి మేజర్‌కు మార్చుకుంటే చెల్లోలోని అట్టడుగు సి స్వరం గిటార్‌కు అందే జి అవుతుంది. మొదటి గతిలో డి, ఏ, ఎఫ్ షార్ప్, ఈ, ఎఫ్ షార్ప్, ఏ అని సాగుతుంది. ఇందులో ఈ (E) స్వరం ఎఫ్ షార్ప్‌కు పొరుగు స్వరం మాత్రమే. ఈ రెండింటినీ వేర్వేరు తీగల మీద వాయిస్తే రెండూ ఒకేసారి మోగి రాపిడి పుడుతుంది. అదే ఎఫ్ షార్ప్‌ను మొదటి తీగ రెండో ఫ్రెట్ మీదా, ఈ (E) స్వరాన్ని అదే తీగను ఖాళీగా మీటీ వాయిస్తే ఒకటి మొదలవగానే మరొకటి దానంతటదే ఆగుతుంది. డి, ఏ స్వరాలు మాత్రం నాలుగో, మూడో తీగల మీద మోగుతూనే ఉండాలి. ఏది మోగాలి, ఏది ఆగాలి అన్న ఈ నిర్ణయాన్ని రచన మొత్తానికీ, స్వరం తరువాత స్వరంగా, పెన్సిల్‌తో గుర్తుపెట్టుకోండి. నైలాన్ గిటార్‌లో నాదం త్వరగా సన్నగిల్లి ఇలాంటి తప్పులను కప్పేస్తుంది. ఎలక్ట్రిక్ గిటార్ దేన్నీ కప్పదు.

ఫ్లూట్ కోసం రాసిన ఏ మైనర్ పార్టీటాను (బి.డబ్ల్యు.వి. 1013) కూడా చూడండి. అది తోడు వాద్యం లేని ఒంటరి పంక్తి కాబట్టి మీరు కోరుకునే కొద్దిపాటి డిస్టార్షన్‌ను హాయిగా మోస్తుంది.

మూడో జవాబు

విడివిడిగా రికార్డు చేయడం వాదనం కాదన్న మాటను నేను ఒప్పుకోలేను. 1968లో అమెరికన్ సంగీతకారిణి వెండీ కార్లోస్ బాఖ్‌ను మూగ్ సింథసైజర్ మీద రికార్డు చేసినప్పుడు, ఆ యంత్రం ఒకసారి ఒక్క స్వరమే పలికేది కాబట్టి, ప్రతి పంక్తినీ విడిగా వాయించి పేర్చవలసి వచ్చింది. అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైక్ అయితే 1987లో గిటారిస్టు పాట్ మెథీనీ కోసం ఎలక్ట్రిక్ గిటార్ రచన చేసినప్పుడు, వాద్యకారుడు పది గిటార్లు, రెండు బేస్ గిటార్ల భాగాలను ముందే రికార్డు చేసుకుని, వాటితో పాటు పదకొండో గిటార్‌ను వేదిక మీద వాయించేలా రాశాడు. అక్కడ పేర్చడమే వాదనంలో భాగం.

డిస్టార్షన్ లేనప్పుడు నాదం పలుచబడుతోందన్న ఫిర్యాదుకు కొన్ని ఆచరణాత్మకమైన మాటలు. ఇంటర్‌ఫేస్‌లో గిటార్ కోసం కేటాయించిన ఇన్‌పుట్‌నే వాడుతున్నారో లేదో ముందు చూడండి. మామూలు లైన్ ఇన్‌పుట్‌కు కలిపితే పికప్ (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) మీద భారం పడి పై పౌనఃపున్యాలు మొద్దుబారుతాయి. 24 బిట్‌లలో, అత్యధిక స్థాయి మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా రికార్డు చేస్తే చాలు. మెడ వైపు పికప్ ఎంచుకోండి. కంప్రెసర్‌ను (బిగ్గర, మెల్లని శబ్దాల తేడాను తగ్గించే సాధనం) మెల్లగా, రెండుకు ఒకటి నిష్పత్తిలో పెట్టండి. నాయిస్ గేట్‌ను (శబ్దం ఒక స్థాయి కన్నా తగ్గితే మూసేసే సాధనం) మాత్రం పూర్తిగా తీసేయండి, అది స్వరం చివరి తోకను కోసేస్తుంది. ఈ సంగీతంలో మౌనంలోకి జారే ఆ తోకే సగం అందం. వేళ్లు జారినప్పుడు వచ్చే కీచు శబ్దం ఇబ్బంది పెడుతుంటే ఫ్లాట్‌వౌండ్ (పైచుట్టు నున్నగా ఉండే) తీగలు వేయండి.

ఇక గది. ఈ ఇంటర్‌ఫేస్ నుంచి వచ్చే నాదానికి గది అంటూ లేదు, అందుకే అది చెవికి నిర్జీవంగా తోస్తుంది. రెండు సెకన్లకు కొంచెం తక్కువ నిడివి గల హాల్ రివర్బ్‌ను (పెద్ద గదిలోని ప్రతిధ్వనిని అనుకరించే ప్రక్రియ), 20 మిల్లీసెకన్ల ఆలస్యంతో ఇచ్చి, రివర్బ్‌లో 200 హెర్ట్జ్‌ల కింద ఉన్నదాన్ని తొలగించండి. రెండు పంక్తులనూ ఒకే రివర్బ్‌కు పంపండి. వేర్వేరు రివర్బ్‌లు ఇస్తే ఇద్దరూ వేర్వేరు భవనాల్లో కూర్చున్నట్టుంటుంది.

ప్రశ్న అడిగినవారి నుంచి

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. పది రోజులు మీ సూచనలతోనే గడిపాను. నా గిటార్ కేబుల్ లైన్ ఇన్‌పుట్‌లోనే ఉంది. దాన్ని మార్చగానే సగం పలుచదనం పోయింది. ఇన్వెన్షన్‌ను విడివిడిగా వాయించి, పై పంక్తిని క్లిక్ లేకుండా మళ్లీ అందుకున్నప్పుడు, కింది పంక్తి నా మాటను పట్టుకుని తిరిగి పలికినట్టు మొదటిసారి అనిపించింది. రెండు ట్రాక్‌లలోనూ డిస్టార్షన్ ఉన్నా ప్రతి స్వరం విడిగా వినబడుతోంది. ప్రెల్యూడ్‌ను ఒకే గుక్కలో వాయించాలన్న పట్టుదలతో ఇంకా ప్రయత్నిస్తున్నాను. వేలి అమరిక అంతా పెన్సిల్‌తో మార్చి రాసుకోవడం వల్ల 20వ గతి వరకు శుభ్రంగా వస్తోంది, ఆ తరువాత ఎడమ చేయి బిగుసుకుంటోంది.

రెండో జవాబు రాసినవారి నుంచి

ఆ బిగుసుకోవడానికి చాలావరకు కారణం అవసరానికి మించి నొక్కడమే. ఎలక్ట్రిక్ గిటార్ తీగలు సన్ననివి కాబట్టి గట్టిగా నొక్కితే చేయి అలసిపోవడమే కాక శ్రుతి కూడా కొద్దిగా పైకి పోతుంది. మీ రికార్డింగ్‌ను ట్యూనర్‌తో సరిచూస్తే 20వ గతికి దగ్గరయ్యే కొద్దీ స్వరాలు హెచ్చుతున్నాయేమో తెలుస్తుంది. తీగ ఫ్రెట్‌కు తాకి శుభ్రంగా పలికే కనీస ఒత్తిడి ఎంతో కనుక్కుని, మొత్తం ప్రెల్యూడ్‌ను వారం రోజులు సగం వేగంతో ఆ ఒత్తిడితోనే వాయించండి. రికార్డింగ్ మీట ఆ వారం ముట్టుకోకండి.