24 అంకణాలన్నారు, బ్యాంకు ఇంజనీరు 22 రాశాడు: లోన్ తగ్గింది, ఏం చేయాలి?

అడిగినవారు (నెల్లూరు):
అందరికీ నమస్కారం. వేదాయపాళెం వైపు ఒక పాత ఇల్లు చూసుకున్నాం. 24 అంకణాల స్థలం, కింద ఇల్లు, పైన రెండు గదులు. 62 లక్షలకు మాట్లాడుకుని, 2 లక్షలు అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాసుకున్నాం. 80 శాతం లోన్ అంటే 49 లక్షల 60 వేలు, మిగతాది నా పీఎఫ్, మా ఆవిడ బంగారం అని లెక్క వేసుకున్నా. నిన్న బ్యాంకు వాళ్ల వాల్యుయేషన్ వచ్చింది, 54 లక్షలే. లోన్ 43 లక్షల 20 వేలకు మించదంటున్నారు. ఇంకో 6 లక్షల 40 వేలు ఎక్కడ తెచ్చేది? వచ్చినాయన పావుగంట కూడా ఉండలేదు. టేపు పట్టాడు, నాలుగు ఫొటోలు తీసుకున్నాడు, వెళ్లిపోయాడు. మళ్లీ వేరే ఆయన్ని పంపమని అడగొచ్చా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

కావలి నుంచి:
అన్నా, వేరే బ్యాంకుకు వెళ్లండి. మాకు ఒక చోట తక్కువ వేశారు, ఇంకో చోట సరిపోయింది. వాల్యుయేషన్ ఫీజు, లీగల్ ఫీజు మళ్లీ కట్టాలి, అంతే. లేదంటే అగ్రిమెంటు 68 అని తిరగరాయించుకోండి.

సివిల్ ఇంజనీరు (నెల్లూరు):
68 రాసినా పైసా పెరగదు. అగ్రిమెంటు రేటు, వాల్యుయేషన్, ఈ రెండింట్లో ఏది తక్కువైతే దాని మీదే బ్యాంకు లెక్క కడుతుంది. రిజర్వ్ బ్యాంకు పరిమితులు కూడా ఉన్నాయి. లోన్ 30 లక్షల లోపైతే ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 మధ్య 80, ఆపైన 75. రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం దాకా అవుతుంది, అది మీ చేతి డబ్బే. ఆ లెక్క వేసుకున్నారా?
బ్యాంకు మార్చే ముందు ఒక పని చేయండి. రిపోర్టు కాపీ అడగండి. స్థలం ఎంత కొలిచారు, ఏ అంతస్తుకు విలువ కట్టారు, ఈ రెండూ చూసి ఇక్కడ రాయండి.

అడిగినవారు:
కాపీ ఇచ్చారు సార్. స్థలం 22 అంకణాలు, అంకణం లక్షన్నర చొప్పున 33 లక్షలు. ఇల్లు 21 లక్షలు. పై గదులకు ప్లాన్ అప్రూవల్ లేదని సున్నా వేశారు. దస్తావేజులో 36 అడుగులకు 48 అని ఉంది, రిపోర్టులో 36కు 44.

తిరుపతి నుంచి:
22 అంకణాలంటే 792 చదరపు అడుగులే కదా, దానికి 33 లక్షలా?

సివిల్ ఇంజనీరు (నెల్లూరు):
మీ వైపు అంకణం 36 చదరపు అడుగులు బ్రదర్. మా నెల్లూరు అంకణం 72, అంటే 8 గజాలు. సెంటుకు ఆరు అంకణాల పైచిలుకు వస్తుంది. ఇక్కడ కొనే బయటి ఊరి వాళ్లు ముందు ఇది తేల్చుకోవాలి.
ఇక మీ విషయం. 36ను 48తో హెచ్చిస్తే 1,728 చదరపు అడుగులు, సరిగ్గా 24 అంకణాలు. 44తో అయితే 22. రెండు అంకణాలకు 3 లక్షలు, పై గదులకు 5 లక్షలు, 8 లక్షల తేడా అక్కడే ఉంది. ఆయన మీ ఇంటిని చిన్నచూపు చూడలేదు. నేలమీద లేని స్థలానికి, కాగితం మీద లేని గదులకు విలువ కట్టలేదు. పావుగంటే ఉన్నా, మీరు అడ్వాన్సుకు ముందు పట్టాల్సిన టేపు ఆయన పట్టాడు. ఇంకో బ్యాంకు వాల్యూయర్ టేపులోనూ అదే 44 వస్తుంది.

పొదలకూరు రోడ్డు నుంచి ఒక అక్క:
మాది ఇంకో రకం. ఫ్లాట్‌కు వాల్యుయేషన్ అడిగినంతా వచ్చింది. బ్యాంకు ఇంజనీరే చూసి సరే అన్నాడు కదా అని ధీమాగా చేరిపోయాం. మొదటి వానాకాలానికే బెడ్‌రూమ్ గోడ చెమ్మెక్కింది. అడిగితే, అది వాళ్ల పని కాదట. లోన్ ఎగ్గొడితే అమ్మి రాబట్టుకోవడానికి ఆ ఇల్లు ఎంత చేస్తుందో చూడటమే వాళ్ల పనట. మా ఆయనకు ఇప్పటికీ కోపం, కానీ మాట నిజమే. స్లాబు, చెమ్మ, డ్రైనేజీ చూడాలంటే మన డబ్బుతో మన ఇంజనీరును తీసుకెళ్లాలి, అదీ అడ్వాన్సుకు ముందే.

దస్తావేజు లేఖరి (ఒంగోలు):
ఆ నాలుగడుగులు ఎటు పోయాయో చూడండి. రోడ్డు వైపు పోయుంటే తిరిగి రాదు. వెనక గోడ వైపైతే పక్కింటి వాళ్లు జరిగినట్టు. లేఔటు కాపీ తెచ్చుకుని, సర్వేయర్ చేత కొలిపించండి. ఎఫ్-లైన్ దరఖాస్తు, అంటే హద్దులు కొలవమని ప్రభుత్వ సర్వేయర్‌కు అర్జీ, పెడితే చుట్టుపక్కల వాళ్లకు నోటీసులిచ్చి కొలుస్తారు. నోటు పుస్తకంలో గీసిచ్చే ప్రైవేటు కొలత మీ తృప్తికి పనికొస్తుంది, గొడవ వస్తే నిలబడదు. పనిలో పనిగా 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా) ఈ సర్వే నంబరు ఉందేమో చూసుకోండి. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం, ఆన్‌లైన్‌లో 1983 నుంచి వస్తుంది. అంతకు ముందు లావాదేవీలుంటే ఆఫీసుకు వెళ్లాల్సిందే.
పై గదులకు బీపీఎస్‌లో (అనుమతి లేని కట్టడాన్ని జరిమానా కట్టి క్రమబద్ధం చేయించుకునే పథకం) కట్టిన కాగితం ఏమైనా ఉందా అని అమ్మేవాళ్లను అడగండి. ఉంటే ఆ ఐదు లక్షల సంగతి మళ్లీ చూడమని బ్యాంకుకు రాయొచ్చు.

అడిగినవారు (పద్దెనిమిది రోజుల తర్వాత):
అందరికీ థాంక్స్. సర్వేయర్ వచ్చాడు. వెనక ఇంటివాళ్ల ప్రహరీ నాలుగడుగులు లోపలికి ఉంది. బీపీఎస్ కాగితం లేదు. అమ్మే పెద్దాయన మొదట మండిపడ్డాడు, ‘ముప్పై ఏళ్లుగా ఎవరూ కొలవలేదు, నువ్వొచ్చావా’ అని. సర్వే స్కెచ్ చూశాక స్థలానికి 3 లక్షలు, పై గదులకు 2 లక్షలు తగ్గించాడు. 57 లక్షలకు ఖాయం. లోన్ అదే 43 లక్షల 20 వేలు. నా చేతి డబ్బు పాత లెక్కకన్నా లక్షా 40 వేలు పెరిగింది, రిజిస్ట్రేషన్‌లో 37,500 తగ్గింది. మా తమ్ముడు సర్దుతానన్నాడు. గురువారం రిజిస్ట్రేషన్.

దస్తావేజు లేఖరి (ఒంగోలు):
సంతోషం. 50 లక్షలు దాటింది కాబట్టి అమ్మేవారికి ఇచ్చే దాంట్లో 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకుని కట్టే ఆదాయపు పన్ను), అంటే 57 వేలు మీరే పట్టుకుని కట్టాలి, మరవకండి. దస్తావేజు షెడ్యూల్‌లో (ఆస్తి వివరాలు రాసే భాగం) 36కు 44, 22 అంకణాలు అని రాయించండి. పాత దస్తావేజు చూసి 24 అని దించేస్తారు, చదవకుండా సంతకం పెట్టొద్దు. ‘సుమారు’ అన్న మాట కొలతల దగ్గర ఎక్కడ కనిపించినా కొట్టేయించండి.