ఇంటి చదువు: పదో తరగతి మాటేమిటి?

ప్రశ్న: మా పదకొండేళ్ల అమ్మాయికి ఇంట్లోనే చదువు చెబుతున్నామండి. పదో తరగతి సర్టిఫికెట్ ఎలాగని బంధువులు అడుగుతుంటే బెంగగా ఉంది. పైగా భిన్నాలంటే తను బెదిరిపోతోంది.

జవాబు: బెంగ వద్దండి. జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ (ఎన్‌ఐఓఎస్) ద్వారా 14 ఏళ్లు నిండిన పిల్లలు తెలుగు మాధ్యమంలోనే పదో తరగతికి నమోదు చేసుకుని, 5 సబ్జెక్టులను ఒకేసారి కాకుండా విడతలుగా, 5 ఏళ్ల వ్యవధిలో పూర్తి చేసుకోవచ్చు. జనన ధ్రువపత్రం ఇప్పుడే సిద్ధం చేసుకోండి.

జవాబు: భిన్నాలకు వంటగదే మంచి చోటు. గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ పోసే చోట, సగం పిండే కావాలంటే ఏది ఎంత పోయాలో మా వాడు తనే కొలిచి చెప్పసాగాడు.

జవాబు: సాయంత్రం తోటి పిల్లలతో ఆట మాత్రం మానిపించకండి.