షేల్ పలక మీది అమ్మోనైట్‌కు తెల్ల పొడి వస్తోంది, ఏం చేయాలి?

మిర్యాలగూడ_రాళ్లపిచ్చి: జర్మనీ హోల్జ్‌మాడెన్ షేల్ (పొరలు పొరలుగా ఉండే బురదరాయి) పలక ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను, అరచేయంత ఉంటుంది, నల్లరాయి మీద బంగారు రంగులో అమ్మోనైట్ చుట్ట, అంటే ఎప్పుడో అంతరించిన సముద్రజీవి గుల్ల శిలాజం. షోకేసులో పెడితే మా అమ్మ చూసి, చక్రం ఉంది కదా ఇది సాలగ్రామమే అని దేవుడి గూట్లోకి మార్చింది, రోజూ నీళ్లతో అభిషేకం. వానలు మొదలయ్యాక చుట్ట పక్కన తెల్లగా, అక్కడక్కడా పసుపుగా పొడి, అంచున ఒక పొర కూడా లేచింది. కడిగితే పోతుందా? డూప్లికేట్ అంటగట్టారా అని ఇంకో టెన్షన్.

పాతరాయి: ముందు అభిషేకం ఆపించండి అన్నా. అమ్మ అన్నదాంట్లో తప్పేం లేదు, గండకీ సాలగ్రామాలు చాలావరకు అమ్మోనైట్లే. కాకపోతే అవి గట్టిపడిన గుండ్లు, నీళ్లకు తట్టుకుంటాయి. మీది 18 కోట్ల ఏళ్ల కింద సముద్రం అడుగున అణిగిన బురద, పొర మీద పొర, తడి దిగితే విడిపోతుంది. ఆ బంగారు రంగు పైరైట్, అంటే ఇనుము, గంధకం. తేమ గాలి తగిలితే ఆమ్లం, ఇనుము లవణాలు పుడతాయి, ఆ పొడి ఈ లవణాలే, ఆమ్లమేమో కింద పెట్టిన అట్టను, కాగితం లేబుల్‌ను కూడా తినేస్తుంది. కడగొద్దు, ఎండలో అసలే పెట్టొద్దు, పగుళ్లిస్తుంది. మెత్తటి పొడి బ్రష్‌తో దులిపి, మూత బిగుతుగా పట్టే గాజు పెట్టెలో సిలికా జెల్‌తో పాటు ఉంచండి, లోపల తేమ 50 శాతం దాటకుండా చూసుకోండి. సిలికా జెల్ తేమ పీల్చి నిండిపోతుంది, వానాకాలమంతా మారుస్తూ ఉండాల్సిందే.

లెన్స్‌బాబు: పొడి వచ్చిందంటే పైరైట్ నిజమే, వట్టి బంగారు పెయింటుకు ఈ రోగం రాదు. షేల్‌లో గుల్ల పైనున్న బురద బరువుకు నలిగి చపాతీలా ఉంటుంది, గుండ్రంగా ఉబ్బెత్తుగా పైకి తేలి ఉంటే అనుమానించాలి. చుట్ట, రాయి కలిసే చోట లెన్స్‌తో చూడండి, అతికించి ఉంటే జిగురు గీత దొరికిపోతుంది.

దేవరకొండ_వాసి: మన బండల్లో కూడా దొరుకుతాయా? మా ఇంట్లో పరిచిన షాబాద్ బండ మీద ఫెర్న్ ఆకు అచ్చు ఉంది.

పాతరాయి: అది ఆకు కాదు తమ్ముడూ, పగుళ్లలోకి దిగిన మాంగనీసు మరక. నల్గొండ గ్రానైట్ 250 కోట్ల ఏళ్లది, అమ్మోనైట్లు పుట్టి 40 కోట్ల ఏళ్లే, ఇక్కడ వెతికి లాభం లేదు. దగ్గర్లో కావాలంటే తమిళనాడు అరియలూరు వైపు ఉన్నాయి.

మిర్యాలగూడ_రాళ్లపిచ్చి: లేచిన పొరను ఫెవిక్విక్‌తో అతికించనా?

లెన్స్‌బాబు: వద్దు, మళ్లీ తీయాలంటే రాయే ఊడొస్తుంది. మ్యూజియం వాళ్లు పారలాయిడ్ బీ-72 అనే రెసిన్ జిగురును అసిటోన్‌లో కలిపి వాడతారు, కావాలంటే మళ్లీ కరిగించి తీసేయొచ్చు. ముందు రాయి బాగా ఆరాలి. అమ్మకు మాత్రం గండకీ రాయి ఒకటి తెప్పించి ఇవ్వండి, లేకపోతే ఇది మళ్లీ గూట్లోకే పోతుంది.