మాన్యువల్‌గా అంటే 'మానవీయంగా' అనొచ్చా?

సిరొంచ, గడ్చిరోలి జిల్లా నుంచి ప్రశ్న:
మా పిల్లలకు లినక్స్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) నేర్పడానికి తెలుగులో చిన్న నోటు రాస్తున్నాను. ఇక్కడ బడి చదువు మరాఠీలో, ఇంట్లో మాట తెలుగు. కంప్యూటర్లు పాతవి, ర్యామ్ తక్కువ. అందుకే ఆన్ చేయగానే డెస్క్‌టాప్ (బొమ్మల తెర) రాకుండా, అక్షరాలు మాత్రమే ఉండే నల్ల తెర మీద లాగిన్ అయ్యాక ఎవరికి కావాలంటే వాళ్లు తెచ్చుకునేలా పెట్టాం. దీన్ని 'మానవీయంగా ప్రారంభించడం' అని ఒకచోట చదివాను. రాయొచ్చా?

పర్లాకిమిడి నుంచి జవాబు:
వద్దండీ. మానవీయంగా అంటే దయతో, మనిషితనంతో అని. ఖైదీలను మానవీయంగా చూడాలంటాం. మాన్యువల్‌కు మూలం లాటిన్ 'మానుస్', అంటే చెయ్యి. మన 'మానవ'తో దానికి పోలిక చెవికి మాత్రమే.

సిరొంచ:
అయితే 'చేతితోని తెరవడం' అంటే సరిపోతుందా మేడం?

పర్లాకిమిడి:
చేత్తో కుట్టిన రవిక, చేత్తో రాసిన ఉత్తరం బాగుంటాయి. అక్కడ మిషన్‌కు బదులు చెయ్యి పని చేస్తోంది. డెస్క్‌టాప్ దగ్గర తేడా అది కాదు. దానంతట అదే వస్తుందా, మనం పిలిస్తే వస్తుందా అన్నదే. మీ ప్రశ్నలోనే మంచి మాట ఉంది: 'తెచ్చుకునేలా'. చివరి 'కొను' ఆత్మార్థకం, మన కోసం మనమే చేస్తున్నామని అదే చెబుతుంది. వేరే విశేషణం అక్కర్లేదు. ఇలా రాయండి: 'డెస్క్‌టాప్ దానంతట అదే రాదు. లాగిన్ అయ్యి, స్టార్ట్‌ఎక్స్ (startx) అని కొట్టి తెచ్చుకోవాలి.'

రాయగడ నుంచి ఇంకొకరు:
మేడం చెప్పిన వాక్యమే నాకూ నచ్చింది. నోటులో ఇవి కూడా చేర్చండి. సిస్టమ్‌డీ (ఆన్ కాగానే మిగతా ప్రోగ్రాములను మొదలుపెట్టేది) ఉన్న లినక్స్‌లో డిఫాల్ట్ టార్గెట్‌ను, అంటే ఆన్ అయ్యాక ఎక్కడిదాకా వెళ్లాలో చెప్పే సెట్టింగును, మల్టీ-యూజర్‌కు మారిస్తే నల్ల తెర దగ్గరే ఆగుతుంది. మళ్లీ గ్రాఫికల్‌కు మారిస్తే పాత పద్ధతి వచ్చేస్తుంది. స్టార్ట్‌ఎక్స్ కొట్టినప్పుడు ఏ డెస్క్‌టాప్ రావాలో హోమ్ ఫోల్డర్‌లోని ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సీ (.xinitrc) ఫైల్లో రాసుకోవాలి.

ముఖ్యంగా భాష సంగతి. ఆ నల్ల తెర ఫాంటులో 512 ఆకారాలకు మించి పట్టవు, పైగా గుణింతాలను, వత్తులను అక్షరానికి కలిపే ఏర్పాటు దానికి లేదు. మొత్తం సిస్టమ్‌ను తెలుగులోకి మారిస్తే లాగిన్ దగ్గర పిల్లలకు డబ్బాలో, విరిగిన అక్షరాలో కనబడతాయి. అందుకని తెలుగు సెట్టింగును ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సీలో, డెస్క్‌టాప్‌ను పిలిచే లైనుకు పైన పెట్టండి. నల్ల తెరను ఇంగ్లీషులోనే ఉండనివ్వండి.