మత్తయి 12: ప్రభువు విశ్రాంతి దినాన్ని మీరాడా? కనికరం ముందు ధర్మశాస్త్రం ఎక్కడ నిలుస్తుంది?

బెరయవాసి

అందరికీ వందనాలు. యౌవనస్థుల బైబిల్ స్టడీకి మత్తయి 12:1-14 సిద్ధం చేస్తున్నాను. ఆకలిగొన్న యేసు ప్రభువు శిష్యులు విశ్రాంతి దినాన చేలో వెన్నులు తుంచితే పరిసయ్యులు (ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదు వర్గం) తప్పుపట్టిన సంగతి, విశ్రాంతి దినానే ఊచచెయ్యి (ఎండిపోయిన చెయ్యి) గలవాడిని ఆయన స్వస్థపరచిన సంగతి రెండూ ఒకే పాఠంలో చెప్పాలి. సాధారణంగా రెండు రకాల వివరణలు వినిపిస్తాయి. "ధర్మశాస్త్రం మోయలేని బరువు, ప్రభువు దాన్ని దించేశాడు, ఇక ప్రేమ ఉంటే చాలు" అన్నది మొదటిది. "ఆయన దేవుడు కాబట్టి ఆయనకు చెల్లింది, మనకు చెల్లదు" అన్నది రెండోది. మొదటిది మత్తయి 5:17-19తో పొసగదు. రెండోదే నిజమైతే దావీదు పేరు, యాజకుల పేరు ఎత్తాల్సిన పనే ఆయనకు లేదు.

పరిసయ్యుల అభ్యంతరం అసలు దేనిమీద? ప్రభువు జవాబు ధర్మశాస్త్రం లోపలి నుంచి వచ్చిందా, బయటి నుంచా? కనికరం పేరు చెప్పి ఎవరికి కష్టమనిపించిన ఆజ్ఞను వారు వదిలేస్తామంటే పిల్లలకు ఏం జవాబు చెప్పాలి?

వాక్యధ్యాని

వందనాలు. అభ్యంతరాన్ని సరిగ్గా పట్టుకోకపోతే పాఠమంతా దారి తప్పుతుంది, కాబట్టి అక్కడే మొదలుపెట్టండి. ఇది దొంగతనం గొడవ కాదు. పొరుగువాడి చేలో చేత్తో వెన్నులు తుంచుకోవచ్చు, కొడవలి మాత్రం వేయకూడదని ద్వితీయోపదేశకాండం 23:25 స్పష్టంగా అనుమతిస్తుంది. గొడవంతా ఆ రోజు గురించే. కోతకాలంలో సైతం ఏడో రోజున పని మానాలని నిర్గమకాండం 34:21 చెబుతుంది. వెన్ను తుంచడాన్ని కోత కిందా, లూకా 6:1లో ఉన్నట్టు చేతులతో నలపడాన్ని నూర్పిడి కిందా లెక్కగట్టారు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదు బోధకుల నియమాల సంపుటి మిష్నాలో విశ్రాంతి దినాన చేయకూడని పనులు 39 రకాలుగా ఉన్నాయి. కోత, నూర్పిడి రెండూ ఆ పట్టికలోవే. అంటే పరిసయ్యులు గాలి నుంచి నియమం పుట్టించలేదు, ఆజ్ఞకు కంచె కట్టారు.

ఇక జవాబు. దావీదు సంగతి 1 సమూయేలు 21లో ఉంది. దేవుని సన్నిధిలో ఉంచే సముఖపు రొట్టెలు 12, ఆరేసి చొప్పున రెండు వరుసలు, ప్రతి విశ్రాంతి దినాన మార్చాలి. తీసిన వాటిని అహరోను సంతతివారు మాత్రమే తినాలి (లేవీయకాండం 24:5-9). ఆకలిగొన్న దావీదు అయిదు రొట్టెలు అడిగాడు, యాజకుడు ఆ పవిత్రమైన రొట్టెలే తీసి ఇచ్చాడు. రాజు పంపాడని దావీదు అక్కడ అబద్ధమాడిన మాటా నిజమే, యౌవనస్థులు తప్పకుండా అడుగుతారు. ప్రభువు చూపించింది ఆకలినీ, రొట్టెనూ. ఆ అబద్ధాన్ని ఆయన సమర్థించలేదు.

కానీ దావీదు ఉదాహరణ ఒక్కటే అయితే వాదన బలహీనం. ఒకడు ఒకనాడు చేసిన పని ఆజ్ఞ కాదు. అందుకే మత్తయిలో వెంటనే యాజకులు వస్తారు. సంఖ్యాకాండం 28 తెరవండి. రోజూ అర్పించే గొర్రెపిల్లలు రెండు; విశ్రాంతి దినాన వాటికి తోడు మరో రెండు. అందరూ పని మానిన రోజున దేవాలయంలో బలుల పని రెట్టింపు! అలా చేయమన్నది ధర్మశాస్త్రమే. వాళ్లను ఎవరూ దోషులనరు.

ఇప్పుడు ఈ లంకె చూడండి. దేవాలయపు బలి విశ్రాంతి నియమం కంటే ముందుంది. ఆ బలి కంటే కనికరం ముందుందని హోషేయ 6:6 చెబుతోంది. అలాంటప్పుడు కనికరం ముందు విశ్రాంతి నియమం ఎక్కడ నిలుస్తుంది? ఈ మూడు వాక్యాలనూ కలిపితేనే 12:7 పూర్తి బరువుతో దిగుతుంది. "కనికరమునే కోరుచున్నాను గాని బలిని కోరను" అన్న మాటను విడిగా చదివితే బలులు రద్దయినట్టు వినిపిస్తుంది. బలులు నియమించినవాడే ప్రవక్త నోట ఆ మాట పలికించాడు. ఆయన తోసిపుచ్చింది కనికరం లేనివాడి బలిని.

మీ రెండో ప్రశ్నకు నా జవాబు: వాదన లోపలి నుంచే వచ్చింది. శిష్యులను క్షమించానని ప్రభువు అనలేదు, వాళ్లు నిర్దోషులన్నాడు. తప్పు జరిగి ఉంటే క్షమాపణ కావాలి. ఇక్కడ తప్పే లేదన్నది ఆయన తీర్పు. అయితే దేవాలయంకంటె గొప్పవాడు ఇక్కడ ఉన్నాడనీ, మనుష్యకుమారుడు విశ్రాంతి దినానికి ప్రభువనీ కూడా అన్నాడు కాబట్టి ఆయన అధికారాన్ని పక్కన పెట్టి కేవలం తర్కంగా బోధించకండి. తీర్పు చెప్పేవాడు ధర్మశాస్త్రం ఇచ్చినవాడే.

తోరా విద్యార్థి

వాక్యధ్యాని గారు రాసిన దానికి రెండో భాగం కలుపుతాను. ఊచచెయ్యి సంగతిని చాలామంది "ప్రాణం కాపాడడం ముఖ్యమా, నియమం ముఖ్యమా" అని బోధిస్తారు. అది పొరపాటు. ప్రాణాపాయం ఉందన్న అనుమానం కలిగినా చాలు, విశ్రాంతి దిన నియమం పక్కకు తప్పుకుంటుందని మిష్నాలోనే ఉంది. పరిసయ్యులు కాదనేది ఆ మాట కాదు. ఎండిపోయిన చెయ్యి రాత్రికి ప్రాణం తీయదు. సూర్యుడు అస్తమిస్తే విశ్రాంతి దినం అయిపోతుంది, అప్పుడు బాగుచేయవచ్చు కదా అన్నదే వాళ్ల పట్టు. మార్కు 1:32లో కపెర్నహూము జనం సరిగ్గా అలాగే చేశారు: పొద్దు గుంకాక రోగులను తెచ్చారు. ప్రభువు వాళ్లను గద్దించనూ లేదు.

మరి ఇక్కడ సాయంత్రం దాకా ఎందుకు ఆగలేదు? జవాబు లూకా 13:10-17లో దొరుకుతుంది. పద్దెనిమిదేళ్లుగా నడుము వంగిన స్త్రీ. పని చేయడానికి ఆరు రోజులున్నాయి, అప్పుడు వచ్చి బాగుపడండని సమాజమందిరపు అధికారి జనంతో అంటాడు. ఎద్దునూ గాడిదనూ ఈ రోజున విప్పి నీళ్లకు తోలుకుపోతారు కదా, అబ్రాహాము కుమార్తెను ఈ రోజున విడిపించవద్దా అని ప్రభువు అడుగుతాడు. ద్వితీయోపదేశకాండం 5:15 ప్రకారం విశ్రాంతి దినాన్ని ఆచరించడానికి కారణం ఐగుప్తు దాస్యం నుంచి విడుదల. కట్లు విప్పడానికి ఇంతకంటే తగిన రోజు ఏది? ఆగకపోవడమే ఆ దినపు ఉద్దేశానికి లోబడడం.

గుంటలో పడ్డ గొర్రె మాటకూ (మత్తయి 12:11) నేపథ్యం ఉంది. మృతసముద్రపు చుట్టలను (ఆ సముద్రం దగ్గరి గుహల్లో దొరికిన పాత యూదు రాతప్రతులను) వాడిన గుంపుకు చెందిన నియమాల గ్రంథం దమస్కు పత్రం, విశ్రాంతి దినాన గుంటలో పడ్డ పశువును పైకి లాగకూడదంటుంది. ప్రభువు తన ఎదుట ఉన్నవాళ్లను "మీలో ఎవడైనా తీయడా" అని అడిగాడంటే వాళ్లు అంత కఠినులు కారన్నమాట. అందుకే పరిసయ్యులను రాతిగుండె మనుషులుగా చిత్రించవద్దని గట్టిగా కోరుతున్నాను. విశ్రాంతి దినం మీ చేతికి అప్పగించబడింది గాని మీరు దానికి అప్పగించబడలేదన్న మాట యూదు బోధకుల గ్రంథాల్లోనూ ఉంది. మంచివాళ్లు, వాక్యం ఎరిగినవాళ్లు, ఎదురుగా ఉన్న మనిషిని చూడలేకపోయారు. పాఠంలో ఆ భయం మనకు తగలాలి.

బెరయవాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు, బలి లంకె ఇప్పుడు స్పష్టమైంది. మూడో ప్రశ్న మిగిలింది. "దేవుడు కనికరం గలవాడు, నా పరిస్థితి ఆయనకు తెలుసు" అంటూ ప్రతిదీ దాటేసేవారికి?

కానన్ చదువరి

అవసరం ఎవరిదో చూడమనండి. చేలో ఆకలిగొన్నది శిష్యులు; ప్రభువు వాళ్ల పక్షాన వాదించాడు. నలభై రోజుల ఉపవాసం తర్వాత తానే ఆకలిగొన్నప్పుడు రాళ్లను రొట్టెలు చేసుకోలేదు (మత్తయి 4:2-4). పొరుగువాడి బాధ కోసం నియమాన్ని పక్కన పెట్టడం వేరు, సొంత సుఖం కోసం పెట్టడం వేరు. దీనికి తిరగబడిన ఉదాహరణ మార్కు 7:9-13లోని కొర్బాను. తల్లిదండ్రులకు చెందాల్సినదాన్ని దేవునికి అర్పితమని చెప్పి, వాళ్లను పోషించే బాధ్యత తప్పించుకున్నారు. అక్కడ భక్తి నియమమే కనికరాన్ని ఎగ్గొట్టే సాధనమైంది.

మత్తయి 23:23 కూడా చేర్చండి. పుదీనా, సోపు, జీలకర్రలో పదో వంతు ఇచ్చి న్యాయాన్నీ కనికరాన్నీ విశ్వాసాన్నీ వదిలేశారని గద్దించాక, వీటిని చేయాలి, వాటినీ మానకూడదంటాడు. సగం చదివి ఆపేస్తే పాఠం తలకిందులవుతుంది.

సంఘ చట్టంలో ఇది ఎలా దిగిందో చెబితే పిల్లలకు ఆచరణలో అర్థమవుతుంది. కతోలిక సంఘపు 1983 కానన్ చట్టంలో 919వ నియమం ప్రకారం దివ్యసత్ప్రసాదానికి (ప్రభు భోజనపు రొట్టె స్వీకరించడానికి) ముందు కనీసం ఒక గంట ఏమీ తినకూడదు, తాగకూడదు. నీళ్లకూ మందుకూ అడ్డు లేదు. వృద్ధులు, రోగులు, వారికి సేవ చేసేవారు ఆ గంటలో తిన్నా స్వీకరించవచ్చు. ఆ చివరి మాట గమనించండి: రోగికే కాదు, రోగి పక్కన కూర్చున్నవారికి కూడా. ఉపవాస నియమం నిలిచే ఉంది. ఎవరికి వర్తించదో నియమమే చెప్పింది. ఎవరికి వారు తీర్పు చెప్పుకోనక్కర్లేదు, అనుమానముంటే గురువును అడగవచ్చు.

వాక్యధ్యాని

ఒక్క ఆచరణ మాట. గంట పాఠమైతే మత్తయి తెరవకముందే పావుగంట ద్వితీయోపదేశకాండం 5:12-15, సంఖ్యాకాండం 28:9-10 చదివించండి. ముందు మత్తయి చదివితే పిల్లలు పరిసయ్యుల మీద తీర్పు తీర్చేసి కూర్చుంటారు, తర్వాత ధర్మశాస్త్రాన్ని ప్రేమతో చదవడం కష్టం. మార్కు 2:26లో ప్రధానయాజకుడు అబ్యాతారు అని ఎందుకుందన్న ప్రశ్న ఎవరైనా ఎత్తితే (1 సమూయేలులో యాజకుడు అహీమెలెకు) వేరే రోజుకు వాయిదా వేయండి. దాంట్లో దిగితే ఊచచెయ్యి గలవాడి దగ్గరికి చేరేసరికి సమయం అయిపోతుంది.