ఎక్కువగా కింది డివిజన్లలోనే వెయ్యి మ్యాచ్‌లు: దాన్ని గొప్ప కెరీర్ అనవచ్చా?

కుడివింగ్: గ్రాహమ్ అలెగ్జాండర్ గురించి మా గ్రూపులో పెద్ద వాదనే నడిచింది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో రైట్ బ్యాక్, అంటే కుడివైపు డిఫెండర్. ఆడిన క్లబ్బులు: స్కంతోర్ప్, లూటన్, ప్రెస్టన్, బర్న్‌లీ, చివర్లో మళ్లీ స్కంతోర్ప్. వెయ్యికి పైగా మ్యాచ్‌లు ఆడాడు, కానీ పెద్ద క్లబ్ ఒక్కటీ కొనలేదు. అంత సత్తా ఉంటే ఎవరో ఒకరు ఎగరేసుకుపోయేవారు కదా? ఇది ఓపికకు వచ్చిన పేరే గానీ గొప్ప కెరీర్ కాదంటాను.

మంగళవారం_మ్యాచ్: అస్సలు ఒప్పుకోను బ్రదర్. ఇంగ్లండ్‌లో అన్నిటికంటే పై డివిజన్ ప్రీమియర్ లీగ్. దాని కింద ఉన్న మూడు డివిజన్లలోనూ సీజన్‌కు 46 లీగ్ మ్యాచ్‌లు. శనివారం ఒకటి, చాలా వారాల్లో మంగళవారం రాత్రి ఇంకొకటి. కప్ మ్యాచ్‌లు వేరే. అక్కడ డిఫెండర్ పని ఏంటో ఒక్కసారి చూడండి. 85వ నిమిషం, ఒక గోల్ ఆధిక్యం. లాంగ్ త్రో నేరుగా పెనాల్టీ బాక్సులో పడుతుంది. వీపు మీద స్ట్రైకర్ మోచేయి. ముందు బంతిని తలతో గెలవాలి, అది ఎక్కడ పడుతుందో కనిపెట్టి మళ్లీ పరుగెత్తాలి, లేచేలోపు ఇంకో క్రాస్. ఇదంతా రెండు దశాబ్దాలు!

పైగా సీజన్ అవగానే ఎవరిని ఉంచుకుంటున్నారో, ఎవరిని వదిలేస్తున్నారో క్లబ్బులు జాబితా ప్రకటిస్తాయి. ముప్పై దాటిన డిఫెండర్‌కు మే నెలంటేనే టెన్షన్. ఆ జాబితాలను దాటుకుంటూ 40 ఏళ్ల వరకు ఆడాడంటే, ఏటా ఎవరో ఒక మేనేజర్‌కు అతను నిజంగా అవసరమయ్యాడనే కదా అర్థం?

ప్రెస్టన్‌లో అతనున్న కాలంలో ఆ క్లబ్ 2001లో, 2005లో ప్లేఆఫ్ ఫైనల్ (గెలిస్తే ప్రీమియర్ లీగ్‌కు ప్రమోషన్) దాకా వెళ్లి ఓడింది. చివరికి 2009లో బర్న్‌లీతో ప్రీమియర్ లీగ్‌కు చేరాడు, 37 ఏళ్ల వయసులో. అప్పటికి మిడ్‌ఫీల్డ్‌లో ఆడుతున్నాడు. ఆ ఆగస్టులోనే సొంత మైదానం టర్ఫ్ మూర్‌లో బర్న్‌లీ మాంచెస్టర్ యునైటెడ్‌ను 1-0తో ఓడించింది. స్కాట్లాండ్‌కు 40 మ్యాచ్‌లు కూడా ఆడాడు. ఇంకేం కావాలండీ?

కుడివింగ్: బర్న్‌లీ ఆ సీజన్‌లోనే కింది డివిజన్‌కు దిగిపోయిందిగా. డిఫెండర్ డాన్ బర్న్‌ను చూడండి. కింది డివిజన్ క్లబ్ డార్లింగ్టన్‌లో మొదలై ప్రీమియర్ లీగ్ క్లబ్ న్యూకాసిల్‌కు చేరాడు, 2025 మార్చిలో లీగ్ కప్ ఫైనల్లో లివర్‌పూల్ మీద గోల్ కొట్టాడు. అదే నెలలో 32 ఏళ్లకు ఇంగ్లండ్ తరఫున ఆడాడు. సత్తా ఉన్నవాడు ఎలాగైనా పైకొస్తాడు.

మంగళవారం_మ్యాచ్: బర్న్ అంటే నాకూ ప్రాణం. కానీ అతని ఎదుగుదలకు పునాది ఆ కింది డివిజన్లే. పైకి వచ్చినవాళ్లతోనే కొలిస్తే, వాళ్లకు ఆట నేర్పిన సీనియర్ డిఫెండర్లను ఏ లెక్కలో వేస్తారు?

డెక్కన్_స్టాండ్: మధ్యలో వస్తున్నా, అన్నలూ. మన హైదరాబాద్ క్లబ్ శ్రీనిధి డెక్కన్ ఆడిన 2024-25 ఐ-లీగ్‌లో (మన దేశంలో రెండో స్థాయి లీగ్) 12 జట్లు. ఒక్కో జట్టుతో రెండేసి, అంటే సీజన్ మొత్తానికి 22 మ్యాచ్‌లు. ఇంగ్లండ్ నాలుగో డివిజన్‌లో 46. అలెగ్జాండర్ గొప్పవాడా కాదా అన్నది మీరు తేల్చుకోండి. హైదరాబాద్‌లో 19 ఏళ్ల సెంటర్ బ్యాక్‌కు అన్ని మ్యాచ్‌లు ఎక్కడ దొరుకుతాయో ముందు ఎవరైనా చెప్పండి.