1965 జాజ్‌మాస్టర్ గిటార్: ఫింగర్‌బోర్డు బ్రెజీలియన్ రోజ్‌వుడ్డా కాదా? జర్మనీకి అమ్మొచ్చా?

డల్లాస్_ట్విన్‌రివర్బ్:
అందరికీ నమస్తే. ఇక్కడ డల్లాస్‌లో ఓ పెద్దాయన దగ్గర 1965 ఫెండర్ జాజ్‌మాస్టర్ ఎలక్ట్రిక్ గిటార్ కొన్నా, సన్‌బర్స్ట్ రంగు, పాత కేసుతో సహా. ఇప్పుడు జర్మనీలో ఒకతను మంచి రేటిస్తా పంపమంటున్నాడు. ఈలోపు లోకల్ షాపులో చూపిస్తే నెక్ మీద వేళ్లు నొక్కే బోర్డు బ్రెజీలియన్ రోజ్‌వుడ్ అయ్యుంటుంది, ఆ చెక్కని దేశం దాటించడం మీద ఆంక్షలున్నాయి, కస్టమ్స్‌లో పట్టుకుంటే గిటార్ మీద ఆశ వదులుకోవాల్సిందే అన్నారు. ఇంకో ఫ్రెండేమో 2019లోనే రోజ్‌వుడ్ రూల్ తీసేశారు, ప్యాక్ చేసి పంపెయ్ అంటాడు. ఎవరి మాట వినాలి? అసలు చూసి గుర్తుపట్టడం కుదురుతుందా? బోర్డు బాగా ముదురు, దాదాపు నలుపు. సంక్రాంతికి హైదరాబాద్ వెళ్తున్నా, అక్కడికీ పట్టుకెళ్లి వాయించాలని ఉంది.

పాతతీగలు:
రంగు చూసి ఏం తేల్చలేం బ్రో. ఇన్నేళ్ల చెమటా నూనే పట్టేసి ఏ రోజ్‌వుడ్డయినా నల్లగానే కనిపిస్తుంది, పైగా రంగేసిన బోర్డులూ ఉంటాయి. కానీ నీ కేసులో చెట్టు కంటే ముందు తేదీ చూడు. ఫెండర్ వాళ్లు 1966 దాకా దాదాపు బ్రెజీలియనే వాడారు, ఆ తర్వాతే ఇండియన్‌కి మారారు. అంటే 65 నెక్ ఒరిజినలే అయితే బ్రెజీలియన్ అనుకునే నడుచుకోవాలి. ఆ నాలుగు స్క్రూలు తీసి నెక్ విప్పు, దాని మడమ మీద, అంటే బాడీకి అతుక్కునే చివర, ఇంకు స్టాంపు ఉంటుంది, నెలా సంవత్సరమూ చివర్లో నెక్ వెడల్పు చెప్పే అక్షరమూ. విప్పినప్పుడే బోర్డు చివర అంచు బయటపడుతుంది, అక్కడ పదింతలు చూపించే భూతద్దం పెట్టి చూడు. చిన్నచిన్న రంధ్రాలు కనిపిస్తాయి, మామూలుగా ఇండియన్‌లో ఎక్కువ, బ్రెజీలియన్‌లో తక్కువ. 62 తర్వాత ఫెండర్ బోర్డు పల్చటి పొర కాబట్టి చూడ్డానికి దొరికే చోటు కూడా తక్కువే. ఉప్పు కాగితంతో గీకి వాసన చూడమనే సలహాలు యూట్యూబ్‌లో బోలెడు, దయచేసి ఆ పని మాత్రం చెయ్యకు.

కాగితాల_రావు:
పై సోదరుడు చెప్పింది కరెక్టే, కాకపోతే భూతద్దంతో చూసిన మాట ఏ ఆఫీసరూ లెక్కలోకి తీసుకోడు. ఒరెగాన్‌లోని యాష్‌లాండ్‌లో అమెరికా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ (వన్యప్రాణి శాఖ) వాళ్ల ల్యాబ్ ఉంది, అక్కడ మాస్ స్పెక్ట్రోమెట్రీతో చెక్క రసాయనాలు చూసి జాతి తేలుస్తారు. మనకి మిగిలేది కాగితాలే.

మీ ఫ్రెండు చెప్పింది సగం నిజం. 2017 జనవరిలో సైటీస్ (అరుదైన జంతువులూ చెట్ల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) వాళ్లు అప్పటికే మొదటి జాబితాలో ఉన్న బ్రెజీలియన్ తప్ప రోజ్‌వుడ్ల కుటుంబం డాల్బర్జియా మొత్తాన్ని, పర్మిట్ ఉంటేనే దేశం దాటించే రెండో జాబితాలో పెట్టారు, దాంతో గిటార్ కంపెనీలన్నీ గగ్గోలు పెట్టాయి, కొన్ని మోడల్స్‌లో ఫెండర్ కూడా పౌ ఫెర్రో అనే వేరే చెక్కకి మారింది. 2019 నవంబర్ 26 నుంచి తయారైన వాయిద్యాలకి మినహాయింపు ఇచ్చారు. అది ఇండియన్ రోజ్‌వుడ్ లాంటి వాటికి. బ్రెజీలియన్ 1992 నుంచీ అన్నిటికంటే కఠినమైన మొదటి జాబితాలోనే ఉంది, ఇప్పటికీ అక్కడే. కాబట్టి జర్మనీకి పంపాలంటే అది 1992కి ముందుదే అని రుజువులు పెట్టి ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ దగ్గర ప్రీ-కన్వెన్షన్ సర్టిఫికెట్ తీసుకోవాలి, అటు కొనేవాడు ఇంపోర్ట్ పర్మిట్ తెచ్చుకోవాలి, యూరప్‌లో అమ్మడానికి కాగితం మళ్లీ వేరే. పాత వస్తువులకి అక్కడున్న మినహాయింపు 1947కి ముందు వాటికే, మీది 65. "గిటార్ పార్ట్స్" అని రాసి పంపెయ్ అని ఎవరన్నా సలహా ఇస్తే మాత్రం ఆమడ దూరం పారిపోండి.

హైదరాబాద్‌కి వాయించడానికే అయితే మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్ సర్టిఫికెట్ అని ఉంది, మూడేళ్ల దాకా ఇస్తారు, కానీ దాని మీద వెళ్లిన గిటార్ అక్కడ అమ్మకూడదు, తిరిగి తెచ్చుకోవాలి. సంక్రాంతి లోపు చేతికొస్తుందన్న ఆశ పెట్టుకోకండి.

జిట్రేగి_మంచం:
నేను గిటార్ వాణ్ణి కాదు, చెక్క పని మనిషిని. ఇండియన్ రోజ్‌వుడ్ అంటే మన జిట్రేగే, ఇరుగుడు అని కూడా అంటారు కదా, మన అడవుల్లో ఉండేదే. ఎర్రచందనంతో కలిపేస్తుంటారు కొందరు, అది వేరే చెట్టు, వేరే గొడవ. ఇంకోటి, మొదటి జాబితాలో లేనంత మాత్రాన మన జిట్రేగికి చిక్కు లేదనుకోవద్దు. 2011 ఆగస్టులో అమెరికాలో గిబ్సన్ ఫ్యాక్టరీల మీద దాడి జరిగింది ఇండియా నుంచి వెళ్లిన ఫింగర్‌బోర్డు చెక్క గురించే, అది మన దేశం ఎగుమతి రూల్స్‌కి సరిపోయిందా లేదా అని. 2009లో మడగాస్కర్ ఎబొనీ (నల్ల చెక్క) మీద ఇంకో దాడి అప్పటికే అయ్యింది. చివరికి 2012లో 3 లక్షల డాలర్ల పెనాల్టీతో రాజీ పడ్డారు. అంత పెద్ద కంపెనీకే తప్పలేదు, నువ్వు ఒక్క గిటార్ కోసం ఎందుకు తమ్ముడూ ఇంత రిస్కు?

డల్లాస్_ట్విన్‌రివర్బ్:
థాంక్స్ అన్నా, రావు గారికి స్పెషల్ థాంక్స్. జర్మనీ అతనికి సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగుతావా అని మెసేజ్ పెట్టా, లేదంటే ఇక్కడే అమెరికాలోనే అమ్మేస్తా. ఒక డౌటు, నెక్ ఇక్కడే ఉంచేసి బాడీ ఒక్కటే పంపితే?

పాతతీగలు:
బాడీలో రోజ్‌వుడ్ లేదు కాబట్టి ఈ సైటీస్ గొడవ ఉండదు, కానీ విడగొట్టిన వింటేజ్‌కి రేటు బాగా పడిపోతుంది, నేనైతే చెయ్యను. ఇక్కడే అమ్మినా పెద్దాయన దగ్గర రాయించుకున్న రసీదు, స్టాంపు ఫోటోలు కలిపి ఇవ్వు, కొన్నవాడికి రేపు అవసరమవుతాయి. నెక్ విప్పేటప్పుడు అది కూర్చునే గాడిలో సన్నటి షిమ్ (ఎత్తు సరిచేయడానికి పెట్టే) ముక్క కనిపిస్తే చెత్త అనుకుని పారేస్తావేమో, అది ఫ్యాక్టరీ వాళ్లు పెట్టిందే అయ్యుంటుంది, అలాగే ఉంచు.